బీడీ దారంతో కుట్టిన పేజీలు

మా అత్తగారింట్లో పగటిపూట వీధి తలుపు మూయకూడదు. కోరుట్లకు కోడలిగా పోయిన నాలుగో రోజునే ఈ సంగతి నాకు తెలిసింది, అదీ తిట్లు తిని. మే నెల. వడగాలికి వీధిలో దుమ్మంతా ఇంట్లోకే వస్తోంది. కొత్త కోడలిని కదా, పనిమంతురాలిననిపించుకుందామని లేచి తలుపు మూసి గొళ్ళెం పెట్టాను. మా అత్తమ్మ గోడకు ఆనుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. గొళ్ళెం చప్పుడు వినగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఎవలు పెట్టమన్నరు?" అంది.

"దుమ్ము అస్తుంది అత్తమ్మా."

"అస్తె రానీ. ముందుగాల గది తియ్యి."

నేను తిరిగేలోపే బయట ఎవరో తట్టారు. మూడుసార్లు, మెల్లగా, ఇంట్లో పసిపిల్ల నిద్రపోతుంటే తట్టినట్టు. అత్తమ్మ ముఖంలో నెత్తురు లేదు. చాటలోని తంబాకు చీర మీదంతా ఒలికినా చూసుకోలేదు. ఆగమన్నట్టు చెయ్యెత్తింది, మరుక్షణమే తియ్యమన్నట్టు ఆ చెయ్యే ఊపింది. ఏది చెయ్యాలో తెలియక కొద్దిసేపు అట్లాగే నిలబడిపోయాను. తర్వాత గొళ్ళెం తీశాను. బయట ఎవరూ లేరు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎండ తప్ప ఏమీ లేదు. ఎదురింటి నీడలో ఒక మేక పడుకుని ఉంది. చెమట తుడుచుకుందామని చెయ్యి ముఖం దగ్గరికి తెచ్చుకుంటే వేళ్ళకు అత్తరు వాసన తగిలింది.

పెళ్ళినాడు పూసిన అత్తరే అయి ఉంటుందిలే అనుకున్నాను. పెళ్ళయ్యాక నాలుగు స్నానాలు చేశాను మరి. ఆ లెక్క నాకు అప్పుడు తట్టలేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను సిరిసిల్ల పిల్లను. మా బాపు సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర అట్లాగే అంటారు. నాకు పదేళ్ళప్పుడు మా అవ్వకు, అంటే అమ్మకు, పెద్ద జబ్బు చేసి తగ్గింది. అప్పటినుంచి ఆమె ప్రార్థనకు పోవడం మొదలుపెట్టి, నన్నూ వెంట లాక్కుపోయేది. బాపు రాలేదు, పోవద్దనీ అనలేదు. "నీ నోటికి ఏ దేవుడైన జడుస్తడు బిడ్డా" అని నన్ను ఆటపట్టించేవాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. నా కోపం ముక్కు మీదే ఉంటుంది. దించుకుందామన్నా దిగదు.

సంబంధం కుదిర్చింది పాస్టరయ్యే. పిల్లవాడు దుబాయ్‌లో పని చేస్తాడు, బుద్ధిమంతుడు, తల్లి ఒక్కతే. తండ్రి ఏమయ్యాడని మా అవ్వ అడిగితే పాస్టరయ్య దగ్గి, "మస్కట్ పోయిండమ్మా, మల్ల రాలె" అన్నాడు. చచ్చిపోయాడా అంటే తెలియదన్నాడు. అత్తమ్మ కాళ్ళకు మెట్టెలు అట్లాగే ఉన్నాయి. ఇరవై ఏళ్ళు దాటినా ఆమె విధవ కాదు, ముత్తైదువా కాదు. చుట్టుపక్కల వాళ్ళు శుభకార్యానికి పిలవాలా వద్దా అని గుసగుసలాడి చివరికి ఆలస్యంగా పిలిచేవాళ్ళు.

అత్తమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఆమె దగ్గర ఒక బైబిలు ఉండేది, మామయ్యది. నల్లట్ట అరిగిపోయి మూలలు మెత్తబడ్డాయి. ఒక ఆదివారం చర్చికి పోయేముందు తిరగేస్తుంటే నడుమ ఒకచోట ఆకులు విడిపోలేదు. చూద్దును కదా, కుట్టు! పైనుంచి కిందిదాకా బయటి అంచు పొడవునా, బీడీ కొసకు చుట్టే సన్న దారంతో దగ్గర దగ్గరగా బిగించిన కుట్లు. ముందు పేజీ, వెనక పేజీ చూసి లోపల ఏముందో పట్టుకున్నాను. అవి ప్రేమపాటలు. ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ ఒకరికోసం ఒకరు పాడుకునేవి. నాకు నవ్వొచ్చింది. సిరిసిల్లలో మా సండే స్కూల్ టీచరమ్మ కూడా అక్కడికి రాగానే ఆకులన్నీ ఒక్క చేత్తో తిప్పేసేది. ఎందుకు టీచర్ అంటే పెళ్ళయ్యాక చదువుకో అనేది. ఈమె ఇంకో అడుగు ముందుకేసి కుట్టేసింది కాబోలు అనుకుని, రెండాకుల మధ్య వేలు దూర్చి వంచి తొంగిచూడబోయాను.

"గది తెరువకు," అంది అత్తమ్మ వెనక నుంచి. ఎప్పుడొచ్చిందో తెలియదు. "గండ్ల నేనున్న."

అందులో తానుందట. ఆమె బైబిలు నా చేతిలోంచి తీసుకుని, కొంగుతో తుడిచి, సంచిలో పెట్టుకుని చర్చికి బయల్దేరింది. దారిలో వంకాయల ధర గురించి మాట్లాడింది. నేను ఊ కొడుతూ, ఆమె సంచి వైపే చూస్తూ నడిచాను.

మా ఆయనను అడిగితే, "అవ్వ ముచ్చట అడుగకే. చిన్నప్పటి సంది గట్లనే ఉన్నది" అని పక్కకు తిరిగి పడుకున్నాడు.

పెళ్ళయిన యాభై రోజులకు ఆయన దుబాయ్ వెళ్ళిపోయాడు. మా పెళ్ళిలో పాస్టరయ్య ఆ పాటల మీదే ప్రసంగం చేశాడు. అందులో ప్రియుడు క్రీస్తనీ, ప్రియురాలు సంఘమనీ, ఇంట్లో మొగుడూ పెళ్ళామూ ఆ ఇద్దరినీ చూసి నేర్చుకోవాలనీ చెప్పాడు. ఇద్దరూ కలిసి చదవండి అన్నాడు. కలిసి అంటే ఎట్లా? ఆయన అక్కడ, నేను ఇక్కడ. అందుకని నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. ప్రతి శుక్రవారం ఆయనకు సెలవు. ఆ మధ్యాహ్నం ఫోన్ చేసి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న నా బైబిల్లోంచి ఆడమనిషి మాటలు నేను చదివేదాన్ని, మగమనిషి మాటలు ఆయన చదివేవాడు. గదిలో ఎనిమిదిమంది ఉంటారు కనుక ఆయన మెట్ల మీద కూర్చుని గొంతు తగ్గించి చదివేవాడు. "జెర గట్టిగ సదువయ్యా, ఎవల పెండ్లానికి సదువుతున్నవ్?" అనేదాన్ని. ఎవరో పైనుంచి దిగుతుంటే ఆయన టక్కున ఆపి, "ఆఁ, ఉల్లిగడ్డ తెచ్చినవా?" అని మాట మార్చేవాడు. నేను నవ్వలేక చచ్చేదాన్ని.

చదువుతున్నకొద్దీ నాకు ఒకటి తెలిసింది. ఆ పాటల్లో ఇద్దరూ పక్కపక్కన కుదురుగా ఉన్నది తక్కువ. పిలవడం, వెతకడం, వాళ్ళనూ వీళ్ళనూ అడగడం, అదే ఎక్కువ. ఇది మొగుళ్ళు గల్ఫులో ఉండే మా జిల్లా వాళ్ళెవరో రాసి ఉంటారని మా ఆయనతో అన్నాను. ప్రేమించడం అంటే దగ్గరుండటమని అప్పటిదాకా అనుకున్నదాన్ని. దేవుడి మీద ప్రేమ కూడా అంతే కదా, ఆయన కంటికి కనపడడు, మన మాట మనం చెప్పుకుంటూ పోవడమే. ఆ శుక్రవారాలు లేకపోతే నేను ప్రార్థన చేయడం నేర్చుకునేదాన్ని కాదు. ఇది పాస్టరయ్యతో అనలేదు, ఏమనుకుంటాడో అని.

అత్తమ్మ కథ నాకు పెళ్ళయిన మూడో ఏట తెలిసింది. ఆమే చెప్పింది, తునికాకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా.

మా ఆయనకు ఐదేళ్ళప్పుడు మామయ్య మస్కట్ పోయాడు. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి, పక్కింటివాళ్ళతో చదివించుకునేది. తర్వాత ఏడు నెలలు ఏమీ లేదు. ఉత్తరం లేదు, కబురు లేదు. ఈమెకు ఒళ్ళు మండిపోయింది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం తలుపు మూసుకుని బీడీలు చుడుతుంటే ఎవరో తట్టారు. ఎవలు అంటే ఆయన గొంతు పలికింది. ఈమెను పేరు పెట్టి పిలిచింది.

"లేస్తనే లేను," అంది అత్తమ్మ. "గిన్ని నెలలు నన్ను నిలవెట్టినవ్ గద, నువ్వు గూడ జెర సేపు నిలవడు అనుకున్న. చేతులకు తంబాకు ఉన్నది, కడుక్కున్న. చీర మార్చుకున్న. మొఖం తుడ్సుకున్న. పోయి తల్పు తీస్తె ఎవలు లేరు. గొళ్ళెం పట్టుకుంటె అత్తరు వాసన. గల్ఫుల కెల్లి అచ్చేటోళ్ళు తెస్తరు సూడు, గా అత్తరు."

నా వేళ్ళ సంగతి గుర్తొచ్చి నేను చేతులు కొంగులో పెట్టుకున్నాను.

ఆమె వీధుల వెంట ఉరికింది. బస్టాండు దాకా పోయింది. సోడాలమ్మే ఆయన ముందు చూశానన్నాడు, తర్వాత కాదేమో అన్నాడు. కంపెనీకి రాయిస్తే, ఫలానా మనిషి టికెట్ తీసుకుని బొంబాయికి ఎప్పుడో బయల్దేరాడని జవాబు వచ్చింది. అంతే. బొంబాయికీ కోరుట్లకూ నడుమ ఆ మనిషి మాయమయ్యాడు.

కొన్ని నెలలకు ఒక ఆదివారం చర్చిలో అప్పటి పాస్టరు ఆ పాటలు చదివాడు. ప్రియుడు వచ్చి తలుపు తడతాడు. ఆమె లేవడానికి బద్ధకిస్తుంది. తీరా లేచి గడియ మీద చెయ్యి వేస్తే వేళ్ళకు సువాసన అంటుతుంది. తలుపు తీస్తే అతను వెళ్ళిపోయి ఉంటాడు. వీధుల్లో వెతుకుతుంది, పిలుస్తుంది, జవాబు ఉండదు.

"నేను ఎవలికి చెప్పలే పిల్లా," అంది అత్తమ్మ. "అత్తరు ముచ్చట నా కొడుక్కు గూడ చెప్పలే. మరి గా పుస్తకంల ఎట్ల రాసిండ్రు? నేను పుట్టకముందే రాసిపెట్టిండ్రా? నడిమిట్లనే లేచి ఉరికచ్చిన. పక్కామె తీసిచ్చిన ఆకుల నడుమ ఏలు వెట్టుకోని ఇంటికచ్చి కుట్టిన."

ప్రియుడంటే యేసయ్యేనని పాస్టరు తర్వాత ఇంటికొచ్చి నచ్చజెప్పబోతే ఆమె ఒకే మాట అడిగిందట. "దేవుడైతె జెర సేపు నిలవడ రాదా అయ్యా?" ఆ పాస్టరు మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

ఇంత చెప్పిన ఆమెను నేను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు. ఆమెకు తెలిసే ఉంటుంది అనుకున్నాను. ఇన్నేళ్ళుగా ఆమె కూర్చున్న చర్చిలో అందరూ అట్లాగే అనుకున్నారు.

ఇక నా కోపం సంగతి. ఈ మేలో మా ఆయన పూర్తిగా వచ్చేస్తానన్నాడు. ఆరేళ్ళ కాపురంలో మేము ఒక్కచోట ఉన్న రోజులన్నీ కలిపితే ఒక పంటకాలం కూడా కాదు. నేను గదికి సున్నం వేయించాను. కొత్త పరుపు తెప్పించాను. ఇట్లా ఉండగా ముత్యంపేటలో ఉండే ఆయన దోస్తు పెళ్ళాం ఫోన్ చేసి, మాటల్లో మాటగా, "మీ ఆయన గూడ ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టిండటగా వదినా" అంది. నాకు చెప్పకుండా! నన్ను ఒక్క మాట అడగకుండా! అప్పుడే వాయిస్ మెసేజ్ పెట్టాను. నా మాటలు నాకు బాగా గుర్తు. "నువ్వు రాకు. అచ్చినా నా గడప తొక్కకు. నాకు మొగడు లేడనుకుంట, పో." పెట్టేసి బట్టలు సర్దుకుని సిరిసిల్ల వెళ్ళిపోయాను.

మూడు రోజులు ఆయన ఫోన్ చేశాడు. నేను కట్ చేశాను. చెయ్యనీ, ఇంకా చెయ్యనీ, అప్పుడు ఎత్తుతా అనుకున్నాను. నాలుగో రోజు ఫోన్ రాలేదు. ఐదో రోజు నేనే చేస్తే స్విచ్ ఆఫ్. పదో రోజూ స్విచ్ ఆఫే. మా అవ్వ ఏమైందే అంటే ఏం కాలె అన్నాను. బాత్రూంలో నీళ్ళు తిప్పి ఏడ్చాను. కళ్ళు మూసుకుంటే అత్తమ్మ కాలి మెట్టెలు కనపడేవి, ఆమె పాదాలకు కాదు, నా పాదాలకు.

సిరిసిల్లలో మా సందులో పొద్దున లేస్తే సాంచాల మోతే. మాకు అది వినపడదు, అలవాటైపోయింది. కరెంటు పోతే మాత్రం వినపడుతుంది, ఆ మోత లేకపోవడం. ఒక మధ్యాహ్నం అట్లా కరెంటు పోయింది. సందంతా ఒక్కసారి చచ్చిపడ్డట్టయింది. ఆ నిశ్శబ్దంలో మా తలుపు అవతల ఎవరో ఊపిరి పీల్చడం నాకు వినపడింది. తట్టలేదు, పిలవలేదు, ఉత్త ఊపిరి. బాపు పనిలో ఉన్నాడు, అవ్వ బజారుకు పోయింది. అయినా లేచి ఒక్క గుంజున తలుపు తీశాను.

అత్తమ్మ. నెత్తిన కొంగు, చేతిలో సంచి, చెప్పులు పక్కన విడిచి ఉన్నాయి.

"నా తల్లో! ఎప్పటి సంది నిలవడ్డవ్?"

"గంటయిందో ఏమో. తట్టబుద్ధి గాలె."

లోపలికి తెచ్చి నీళ్ళిచ్చాను. తాగలేదు. "నిన్న పగటీలి ఎవలో అచ్చి పోయిండ్రు పిల్లా," అంది. "తల్పు తీసే ఉన్నది. నేను గాడనే కూసున్న. తల ఎత్తి సూసేవరకు ఎవలు లేరు. తల్పు తీసున్నా పోయిండ్రంటె నాకు బుగులైంది. కొడుకు ఫోన్ గూడ కలుస్తలేదు. నువ్వు వానికి ఏం జెప్పినవ్?"

"రావద్దన్న," అన్నాను. ఇంకేమీ దాచలేదు. మెసేజ్‌లో ఉన్న ప్రతి మాటా చెప్పాను.

అత్తమ్మ కూర్చున్నచోటే కుంగిపోయింది. తర్వాత సంచిలోంచి ఆ నల్లట్ట బైబిలు తీసి నా ముందు పెట్టింది. "ఇప్పు. ఇప్పి సదువు. ఏమైతదో నువ్వు గూడ ఇనాలె."

బాపు పోగులు కత్తిరించే చిన్న కత్తెర గూట్లో ఉంటే తెచ్చాను. ఒక్కొక్క కుట్టు తెంపుతుంటే టక్కు టక్కుమంటోంది. మిగతా బైబిలంతా పసుపుపచ్చగా మారినా ఆ ఆకులు మాత్రం తెల్లగా, నిన్న అచ్చు వేసినట్టు ఉన్నాయి. గాలి తగలనివి కదా. చదవడం మొదలుపెట్టాను. నా శుక్రవారాల గొంతు కాదది. అతను రావడం, తట్టడం, ఆమె ఆలస్యం, గడియ మీది పరిమళం, ఖాళీ వాకిలి. వీధుల్లో కావలివాళ్ళు ఆమెను కొట్టి పైగుడ్డ లాక్కునేదాకా వచ్చాను.

"బస్. ఆపు," అంది అత్తమ్మ. "గంతే. అయిపోయింది."

"అయిపోలే అత్తమ్మా."

"ఏంది అయిపోలే?"

"ఇంక మూడు అధ్యాయాలున్నయ్."

ఆమె నా ముఖం వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. ఇరవై ఏడేళ్ళు. ఆ ఆదివారం ఆమె నడుమనే లేచి ఇంటికి వచ్చేసింది. చదువు రాదు. ఆకులు కుట్టేసింది. ఆ పాట అక్కడితో ఆగిందని, ఆమె అతన్ని మళ్ళీ చూడనేలేదని, తనకూ అంతే రాసిపెట్టి ఉందని నమ్మి బతికింది. ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

మిగతాది చదివాను. చెలికత్తెలు అతనెట్లా ఉంటాడని అడగడం, ఆమె చెప్పడం, అతను తన తోటకే పోయాడని తెలియడం, మళ్ళీ ఒకరి మాట ఒకరికి అందడం, చివరికి ఎడారి దారిలో ఆమె అతని మీద ఆనుకుని నడిచి వస్తుంటే జనం ఎవరీమె అని చూడడం.

"దొర్కిండా?" అంది అత్తమ్మ.

"దొర్కిండు."

"ఆమెకు దొర్కిండా? గా తల్పు తియ్యనామెకు?"

"ఆమెకే."

అప్పుడే కరెంటు వచ్చింది. సందులో సాంచాలన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. ఆమె నా దగ్గరికి జరిగి చెవిలో అరిచింది, మళ్ళీ చదువమని. ఆ మోతలో నేను గొంతు చించుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. తలుపు దగ్గరి మాటలు రాగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేను అబద్ధం జెప్పిన," అంది. "గామె ఉత్తగ ఆల్చెం జేసింది. పొమ్మనలే. నేను పొమ్మన్న. లోపటి నుంచే ఒర్రిన. నాకు మొగడు లేడు, పో అన్న."

అవే మాటలు. నేను ఫోన్‌లో అన్న మాటలు. ఆమెకు నేను చెప్పింది విని అందేమో అని కూడా అనుకున్నాను, కానీ ఆమె పెదవులు ఆ మాటలు పలికిన తీరు చూస్తే అవి ఆమె నోట్లో ఇరవై ఏడేళ్ళుగా ఉన్నవేనని తెలిసిపోయింది. వెనక గదిలోకి పోయి తలుపు మూసుకుని ఫోన్ తీశాను. దుబాయ్ నంబరు స్విచ్ ఆఫ్. ఏం తోచిందో, సెలవుల్లో వాడే ఆయన పాత ఇండియా నంబరు కొట్టాను. అది మోగింది.

ఎత్తాడు.

"ఏడున్నవ్?"

"జగిత్యాల బస్టాండ్ల."

"ఎప్పుడు అచ్చినవ్?"

"నిన్న."

సంతకం పెట్టాడు, నిజమే. నా మెసేజ్ విని, నేను ఫోన్ ఎత్తకపోయేసరికి దుబాయ్ నంబరు బంద్ చేసి, ఆ సంతకం వదులుకుని వచ్చేశాడు. నిన్న మధ్యాహ్నం కోరుట్ల పోయాడు. వీధి అవతల నిలబడ్డాడు. తలుపు తీసే ఉంది, తల్లి తలవంచుకుని బీడీలు చుడుతోంది. "నీ మాటే చెవులల్ల ఉన్నది. గడప తొక్కకన్నవ్ గద. లోపటికి రాబుద్ధి గాలె. మల్లచ్చి ఈడ కూసున్న. ఏ బస్సు ఎక్కాల్నో సమజైతలేదు."

"ఆడనే ఉండు. కదిలినవంటె సంపుత. నేనే అస్తున్న."

అత్తమ్మకు చెప్పాను. నిన్న వచ్చి పోయింది ఎవరో తెలిసినప్పుడు ఆమె ఊరటపడుతుందనుకున్నాను. ఆమె "తల్పు తీసున్నా పోతరా?" అని మాత్రం అంది. ఇద్దరం బస్సెక్కాం. వేములవాడ దాటాక మళ్ళీ ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. ఛార్జింగ్ అయిపోయి ఉంటుందని నాకు నేను వందసార్లు చెప్పుకున్నాను. అత్తమ్మ కిటికీ వైపు తిరిగి పెదవులు కదుపుతోంది. ప్రార్థన అనుకున్నాను. దగ్గరగా విన్నాను. దొర్కిండు, దొర్కిండు అంటోంది.

జగిత్యాల బస్టాండులో దిగేసరికి పొద్దు వాలుతోంది. మనుషులు కిక్కిరిసి ఉన్నారు. మొదటి వరుస చూశాను, లేడు. రెండో వరుస, లేడు. ఒక్కొక్కరి ముఖంలోకి వంగి చూస్తుంటే కర్ర పట్టుకున్న కావలి మనిషి, "ఏందమ్మా, మొగోళ్ళ మొఖాలు గట్ల సూస్తున్నవ్, జరుగు" అని గదమాయించాడు. వేరే రోజైతే వాడికి నా నోరేంటో తెలిసేది. ఆ రోజు జరగమన్నట్టే జరిగాను. పుస్తకంలో ఆమెను కొట్టినవాళ్ళు గుర్తొచ్చారు. వెల్గటూర్ బస్సులు ఆగే చోట, స్తంభానికి ఆనుకుని, సూట్‌కేసు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. కళ్ళు నా మీదికి వచ్చి కూడా ఆగలేదు, నేను కాదనుకున్నట్టు.

"సచ్చినోడా," అని భుజం మీద ఒక్కటిచ్చాను. అంతమంది ముందు ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చాను. ఆయన చెయ్యి నా నెత్తి మీద పెట్టి, "పొమ్మనకే ఇంకెప్పుడు" అన్నాడు. అననని ఒట్టేశాను. నా కాపురం నా చేతికి తిరిగి వచ్చింది. తలెత్తి, అత్తమ్మకు చూపిద్దామని వెనక్కి తిరిగాను. ఆమె లేదు.

కొంచెం దూరంలో కనపడింది. కొడుకును చూసింది, తల ఊపింది కూడా. కానీ మా వైపు రాలేదు. బెంచీల వెంట నడుస్తోంది. కుర్రవాళ్ళను వదిలేసి, అరవై దాటిన ప్రతి మగమనిషి ముందూ ఆగి, వంగి, ముఖంలోకి చూస్తోంది. ఒకాయన తువ్వాలు కప్పుకుని పడుకుని ఉంటే మెల్లగా తువ్వాలు తొలగించి చూసి మళ్ళీ కప్పింది. ఇన్నేళ్ళూ తలుపు దగ్గర కూర్చున్నదే తప్ప ఆమె ఇట్లా వెతకగా నేను చూడలేదు. ఒక్కొక్కరినీ ఏదో అడుగుతోంది. వాళ్ళు కాదన్నట్టు తల ఊపుతున్నారు. ఆమె ముఖంలో బాధ లేదు. ఈ బెంచీ కాకపోతే పక్క బెంచీ అన్నట్టు ముందుకు పోతోంది.

"అవ్వ ఎవల్ని దేవులాడుతుందే?" అన్నాడు మా ఆయన.

మిగతా మూడు అధ్యాయాలు చదివి వినిపించింది నేనే. ఆయనకు ఏమని చెప్పను? కరీంనగర్ బస్సు వచ్చి ఆగింది. అత్తమ్మ దిగేవాళ్ళకు దారి ఇస్తూ పక్కకు నిలబడి, ఒక్కొక్కరినీ చూడసాగింది.